కాలికి కట్టిన రేడియో కడియము

పైరు మీద పడి మేయుటకు అలవాటుపడిన పశువును అదుపులో పెట్టుటకు మన రైతులకు రెండు ఉపాయములు తెలుసు. మెడకు గుదిబండ కట్టుట ఒకటి. గంట కట్టుట రెండవది. గుదిబండ పశువు పరుగును ఆపుతుంది. యజమాని నిద్రపోయినా అది తన పని తాను చేస్తూనే ఉంటుంది. గంట అట్లు కాదు. అది పశువును ఆపలేదు. ఎక్కడ ఉన్నదో చెప్పుతుంది, అంతే. ఆ చప్పుడు విని లేచి, కర్ర పట్టుకొని పోయేవాడు ఒకడు లేకపోతే గంట వలన పైరుకు కలిగే మేలు ఏమీ లేదు.

ఈనాడు కొన్ని దేశములలో, భార్యను హింసించిన పురుషుని కాలికి న్యాయస్థానము ఒక రేడియో కడియమును తొడిగిస్తున్నది. అతడు ఆమె ఉన్న చోటికి ఇంత దూరములోపలికి రాకూడదని ఆజ్ఞ. ఈ కడియమును గురించి పత్రికలలో చదివినవారిలో చాలమంది దానిని గుదిబండ అనుకొంటారు. నిజమునకు అది గంట. ఈ ఒక్క భేదమును మనస్సులో ఉంచుకొంటే కడియము చరిత్రలో జరిగిన చాల సంగతులు సులభముగా అర్థమవుతవి. ఆ చరిత్ర విచిత్రమైనది కూడ. ఎందుకనగా దీనిని మొదట తయారుచేసినవారు ఎవరినీ శిక్షించవలెనని అనుకోలేదు.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో 1960 ప్రాంతమున రాల్ఫ్ ష్విట్జ్‌గెబెల్ అనే యువ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. చిన్న చిన్న నేరములకు అలవాటుపడి వీధుల మూలలలో కాలము గడిపే కుర్రవాండ్రతో అతడు పనిచేసేవాడు. వారిని బోనులో నిలబెట్టలేదు, నీతులు చెప్పలేదు. గంటకింత అని కూలి ఇచ్చి, తమ జీవితమును గురించి టేపు రికార్డరు ముందు మాట్లాడమన్నాడు. చెప్పిన వేళకు వచ్చినవానికి ఒక్కొక్కప్పుడు ఎదురుచూడని చిన్న బహుమానము దొరికేది. క్రమముగా వారు వేళకు రావడము నేర్చుకొన్నారు. మంచి నడవడిని వెంటనే మెచ్చుకొంటే అది స్థిరపడుతుందని అక్కడే ఆచార్యుడుగా ఉన్న బి. ఎఫ్. స్కిన్నర్ పావురముల మీద, ఎలుకల మీద పరిశోధనలు చేసి చెప్పుతున్న కాలమది. ఉపాధ్యాయులకు ఈ సూత్రము కొత్త కాదు.

అయితే చిక్కొకటి వచ్చినది. కుర్రవాడు గదిలో ఉన్నప్పుడు సరే. బయటకు పోయిన తరువాత అతడు పనికి వెళ్ళినాడో, పాత స్నేహితులను కలిసినాడో తెలిసేదెట్లా? 1964లో రాల్ఫ్, కవల సోదరుడు రాబర్టుతో కలిసి ఆలోచించి, క్షిపణుల జాడ పట్టుటకు వాడి వదిలేసిన సైనిక సామగ్రిని మార్చి, నడుమునకు కట్టుకొనదగిన ఒక ట్రాన్స్‌మిటరును తయారుచేసినాడు. నగరములో అక్కడక్కడ నిలిపిన గ్రాహకములు దాని సంకేతములను అందుకొని కేంద్రమునకు పంపేవి. అక్కడ తెర మీద ఆ మనిషి ఎక్కడ ఉన్నదీ కనబడేది. విలియం హర్డ్ అనే ఇంజనీరుతో కలిసి రాల్ఫ్ ఇట్టి సాధనమునకు 1969లో పేటెంటు కూడ పొందినాడు. ఆ పేటెంటులోని సాధనము ఒక వైపు మాత్రమే పనిచేసేది కాదు. కేంద్రమునుండి ధరించినవానికి కూడ సంకేతము పంపవచ్చును. బడికో పనికో వేళకు చేరిన కుర్రవానికి “భేష్” అని చెప్పుటకు, క్షవరము ఉచితమనో సంగీత సభకు టిక్కెట్టు వచ్చినదనో తెలుపుటకు అది ఉద్దేశింపబడినది. గంట మోగేది యజమానికోసము కాదు, పశువుకోసమే అన్నమాట!

ఈ ఆలోచనను ఆ రోజులలో ఎవరూ పెద్దగా మెచ్చుకోలేదు. కొందరు నవ్వినారు, కొందరు మనుష్యులను యంత్రములుగా మార్చే కుట్ర అన్నారు. రెండవ విమర్శను తేలికగా తీసివేయరాదు. బహుమానము ఇచ్చుటకు మనిషి జాడ తెలిసిన చేయి, దండించుటకు కూడ అదే జాడను వాడగలదు గదా.

అట్లే జరిగినది. న్యూ మెక్సికో రాష్ట్రములోని ఆల్బకర్కీ నగరములో జాక్ లవ్ అనే న్యాయాధిపతి ఉండేవాడు. జైళ్ళు కిక్కిరిసి ఉండుట ఆయనను బాధిస్తున్నది. 1977లో ఒకనాడు పత్రికలో “స్పైడర్‌మాన్” బొమ్మల కథ చూచినాడు. అందులో ప్రతినాయకుడు కథానాయకుని చేతికి ఒక కడియము తొడిగి, దాని ద్వారా అతడు ఎక్కడికి పోయేదీ కనిపెడుతూ ఉంటాడు. ఇట్టిది నిజముగా చేయరాదా అని ఆ న్యాయాధిపతి కంప్యూటర్లు అమ్మే మైకేల్ గాస్ అనే వానిని అడిగినాడు. గాస్ ఉద్యోగము వదలి, సొంతముగా సంస్థ పెట్టి, సాధనము తయారుచేసినాడు. 1983లో ప్రొబేషను నిబంధన తప్పిన ఒక వ్యక్తికి లవ్ దానిని నెల రోజుల శిక్షగా విధించినాడు. శాస్త్ర పరిశోధన చేయలేకపోయిన పనిని పిల్లల బొమ్మల కథ చేసినది. చరిత్రలో ఇట్టివి ఎన్నో.

ఆ కడియము పనితీరు చాల సరళము. కాలికి ఉన్న చిన్న ట్రాన్స్‌మిటరు కొద్ది కొద్ది క్షణములకొకసారి బలహీనమైన రేడియో సంకేతమును పంపుతూ ఉంటుంది. ఇంట్లో టెలిఫోను తీగెకు కలిపిన ఒక గ్రాహకము ఉంటుంది. ధరించినవాడు ఇంటికి దగ్గరగా ఉన్నంతసేపు గ్రాహకమునకు సంకేతము అందుతుంది. దూరము పోతే అందదు. అప్పుడు గ్రాహకము తానే టెలిఫోను ద్వారా కార్యాలయములోని కంప్యూటరుకు కబురు చేస్తుంది. అనగా ఈ యంత్రమునకు తెలిసినది ఒకే ఒక సంగతి: మనిషి ఇంట్లో ఉన్నాడా, లేడా? దొంగకు, మోసగానికి ఈ ప్రశ్న చాలును.

భార్యను కొట్టేవాని విషయములో ఈ ప్రశ్నయే తలక్రిందులు. అతడు నేరము చేసేది ఇంట్లోనే. అతనిని ఇంట్లో కట్టిపెట్టే యంత్రము ఆమెకు రక్ష కాదు, ఆపద. ఆమెకు కావలసినది అతడు ఎక్కడ ఉన్నాడని కాదు, తనకు ఎంత దూరములో ఉన్నాడని. ఆమె బజారుకు పోతుంది, పనికి పోతుంది, బిడ్డను బడికి తీసుకొనిపోతుంది. కాబట్టి ఇద్దరు కదిలే మనుష్యుల మధ్య దూరమును క్షణక్షణము కొలవవలెను. 1983నాటి సాధనములతో ఇది సాధ్యమయ్యే పని కాదు.

ఈ లోపల వేరొకచోట, యంత్రములతో సంబంధము లేని ఇంకొక ప్రయత్నము సాగుతున్నది. మినెసోటా రాష్ట్రములోని సెయింట్ పాల్ నగరములో కొందరు స్త్రీలు 1972లో ఒక టెలిఫోను పెట్టుకొని, చట్టమును గురించి అడిగిన స్త్రీలకు సలహాలు చెప్పడము ఆరంభించినారు. పిలిచినవారిలో చాలమంది అడిగినది విడాకుల చట్టము కాదు, ఈ రాత్రి తలదాచుకొనే చోటు. దానితో 1974లో శరణాలయము తెరిచినారు. ఈ చరిత్రలో టెలిఫోనుకు ఇంత గౌరవ స్థానమున్నది. కాని పారిపోయిన భార్యను వేధించుటకు భర్తకు దొరికిన మొదటి యంత్రమూ టెలిఫోనే. పిలిచినవారి నంబరును చూపే పద్ధతి 1980ల చివర అమెరికాలో ప్రవేశపెట్టినప్పుడు, అది అసభ్యపు పిలుపులను అరికట్టునని కంపెనీలు ప్రచారము చేసినవి. అది కొంత నిజమే. అయితే శరణాలయములవారు వెంటనే ఒక ప్రశ్న వేసినారు: తలదాచుకొన్న స్త్రీ, బిడ్డల సంగతి మాట్లాడుటకు భర్తకు ఫోను చేస్తే, ఆమె ఉన్న చోటు అతనికి తెలిసిపోదా? ఆ తరువాతనే, పిలిచేవారు కోరితే నంబరు కనబడకుండ చేసే ఏర్పాటు నియమముగా వచ్చినది. రక్షణకై చేసిన ఏ సాధనమునైనను రెండవ వైపునుండి కూడ చూడవలెనని ఆ స్త్రీలు ఇంజనీర్లకు నేర్పినారు.

హింసించినవానిని మార్చే ప్రయత్నము కూడ ఆ దశాబ్దములోనే మొదలైనది. 1977లో బోస్టను నగరములో ‘ఎమర్జ్’ అనే సంస్థను కొందరు పురుషులు స్థాపించినారు. అట్టి పురుషులకై ఏర్పడిన శిక్షణ సంస్థలలో అమెరికాలో అది మొదటిది. 1981లో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న డులూత్ అనే రేవు పట్టణములో ఎలెన్ పెన్స్, ఆమె సహచరులు ఒక పథకమును నడిపించినారు. దాని విశేషము తరగతి గదిలో లేదు. పోలీసులు, న్యాయాధిపతి, ప్రొబేషను అధికారి, శరణాలయమువారు ఒకే పద్ధతి ప్రకారము నడచుకొనవలెనని, ఏ ఒక్కరు సడలినా భారము స్త్రీ మీద పడరాదని వారు ఒప్పందము చేసుకొన్నారు. హింసించిన పురుషుడు జైలుకు బదులుగా వారమునకొకసారి జరిగే తరగతులకు రావలెను. రాకపోతే న్యాయస్థానమునకు తెలుస్తుంది.

ఆ తరగతులకై 1984లో వారు గీసిన బొమ్మ ఒకటి ప్రపంచమంతట పాకినది. హింసకు గురియైన 200 మందికి పైగా స్త్రీలతో మాట్లాడి, వారు చెప్పినదానిని ఒక చక్రముగా గీసినారు. మన ఎద్దుబండి చక్రమును తలచుకొనండి. ఇరుసు దగ్గర “అధికారము, అదుపు” అని వ్రాసి ఉన్నది. ఆకులు ఎనిమిది: బెదిరించుట, అవమానించుట, డబ్బు చేతికి ఇయ్యకుండుట, బిడ్డలను అడ్డుపెట్టుకొనుట మొదలైనవి. కొట్టుట ఆకులలో లేదు. అది చుట్టూ ఉన్న ఇనుప పట్టా. మిగిలిన వాటినన్నిటిని బిగించి పట్టేది అది. ఆకులలో ఒకటి స్త్రీని ఒంటరిని చేయుట. ఎక్కడికి పోవుచున్నది, ఎవరితో మాట్లాడుచున్నది అన్నది మగవాడు నిర్ణయించుట అని దాని అర్థము. ఈ ఆకును మరచిపోవద్దని మనవి. మన కథలో ఇది మరల వస్తుంది.

తరగతిలో ఒక చిన్న వీడియో చూపేవారు. నటులు నటించిన సంఘటన: భార్య స్నేహితురాలి ఇంటికి బయలుదేరగా భర్త అడ్డుపడినట్లు ఇటువంటిదేదో. పిమ్మట ప్రతివాడు ఒక పట్టిక నింపవలెను. అతడు ఏమి చేసినాడు? ఎందుకు చేసినాడు? దానివలన ఆమెకు ఏమయినది? తరువాత అవే ప్రశ్నలు తన సొంత నడవడిని గురించి. “కోపము పట్టలేక కొట్టినాను” అనేవాడు, అంతటి కోపములో కూడ పై అధికారిని ఎందుకు కొట్టలేదో చెప్పవలసి వచ్చేది. మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పట్టికలు నింపించే నాకు ఈ పద్ధతి చూడగా ముచ్చట వేసినది. పరిశీలనను ముందు వ్రాసి, ఊహను తరువాత వ్రాయుమనుటయే గదా శాస్త్రము.

మరి ఫలితమో? ఫ్లారిడా రాష్ట్రములోని బ్రవర్డ్ జిల్లాలో 1997లో 404 మంది దోషులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును మాత్రమే 26 వారముల తరగతులకు పంపి చూచినారు. మరల హింసకు దిగుటలో రెండు జట్లకు చెప్పదగిన భేదము కనబడలేదు. ఉద్యోగము, సంసారము, పరువు పోగొట్టుకొనేవి ఉన్నవారు తరగతికి పోయినా పోకపోయినా మారినారు. అట్టివి ఏమీ లేనివారు మారలేదు. 2004లో ఇట్టి 22 అధ్యయనములను కలిపి లెక్కగట్టిన శాస్త్రజ్ఞులకు, తరగతుల వలన కలిగిన మేలు నూటికి సుమారు 5 మందిలో తేలినది. ఇది సున్న కాదు. కాని పథకమును స్థాపించినవారు ఆశించినదానికి ఎంతో తక్కువ. హాజరు వేరు, చదువు వేరు అన్న సంగతి ఉపాధ్యాయులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇట్లు ఒకవైపు తరగతి చాలలేదు. ఇంకొకవైపు కడియమునకు ఆమె సంగతి తెలియదు. రెండవ లోటును తీర్చినది ఆకాశము.

పిడుగు పడినప్పుడు మెరుపు కనబడిన తరువాత ఎన్ని సెకండ్లకు ఉరుము వినబడినదో లెక్కించి దూరము చెప్పే ఆట మీ విద్యార్థులకు తెలిసే ఉంటుంది. 3 సెకండ్లకు సుమారు ఒక కిలోమీటరు. అమెరికా సైన్యము 1978 నుండి ప్రయోగించిన జి.పి.ఎస్. ఉపగ్రహములు చేసేది ఇంచుమించు ఇదే ఆట. ధ్వనికి బదులు రేడియో తరంగము. ఉపగ్రహము సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, “నా గడియారములో ఇప్పుడు ఇంత వేళ” అని చాటుతూ ఉంటుంది. ఆ మాట నేలకు చేరుటకు సెకండులో సుమారు పదునైదవ వంతు పడుతుంది. ఆ ఆలస్యమును కొలిచి, సెకండుకు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో గుణిస్తే దూరము వస్తుంది. నాలుగు ఉపగ్రహముల దూరములు తెలిస్తే మన స్థానము తెలుస్తుంది. మూడు చాలవా అంటే, మన చేతిలోని సాధనము గడియారము అంత కచ్చితమైనది కాదు. ఆ తప్పును సరిదిద్దుకొనుటకు నాలుగవది. సెకండులో పది లక్షలవ వంతు తప్పితే స్థానము 300 మీటర్లు తప్పుతుంది. సాపేక్ష సిద్ధాంతము ప్రకారము ఉపగ్రహములోని గడియారము రోజుకు 38 మైక్రోసెకండ్లు ముందుకు పోతుంది. దానిని సవరించకపోతే ఒక్క దినములో తప్పు 11 కిలోమీటర్లవరకు పెరిగిపోతుంది. ఐన్‌స్టయిన్ సమీకరణము ఒక స్త్రీ ప్రాణరక్షణలో పాల్గొంటుందని 1915లో ఎవరనుకొన్నారు?

ఈ వ్యవస్థ 1995లో పూర్తి స్థాయికి వచ్చినది. అయినను సామాన్య జనులకు అందే సంకేతములో సైన్యము కావాలని కొంత తప్పు కలిపేది. స్థానము 100 మీటర్లు అటూ ఇటూ పోయేది. 2000 మే మొదటి తేదీ రాత్రి ఆ తప్పును తీసివేసినారు. అప్పటినుండి 10, 20 మీటర్ల కచ్చితత్వము ఎవరికైనను ఉచితముగా దొరికినది. ఎవరికైనను, అన్న మాటలో అందరూ ఉన్నారు.

ఇప్పుడు స్పెయిను దేశమునకు పోదాము. 1997 డిసెంబరు 4వ తేదీన గ్రనడా ప్రాంతమునకు చెందిన అనా ఒరాంటెస్ అనే 60 ఏండ్ల స్త్రీ టెలివిజనులో కనబడి, నలువది ఏండ్లు తాను పడిన దెబ్బలను గురించి దేశము ముందు చెప్పినది. విడాకులు మంజూరైనవి, కాని ఒకే ఇంటిని పై అంతస్తు ఒకరికి, కింది అంతస్తు ఒకరికి అని న్యాయస్థానము పంచినందున, కొట్టిన మనిషి అదే కప్పు కింద ఉన్నాడు. 13 రోజుల తరువాత అతడు ఆమె మీద పెట్రోలు పోసి నిప్పంటించి చంపినాడు. టెలివిజను ఆమె గొంతును లక్షలమందికి వినిపించినది. ఆ రాత్రి ఇంటికి పోయిన ఆమెకు తోడు మాత్రము రాలేకపోయినది. ఆ మరణము స్పెయినును కుదిపివేసినది. 2004 డిసెంబరులో వచ్చిన సమగ్ర చట్టమునకు మూలములలో అది ముఖ్యమైనది. స్త్రీని హింసించినవానికి జైలుశిక్షను నిలుపుదల చేస్తే, అతడు పునఃశిక్షణ తరగతులకు పోవలెనని ఆ చట్టము నిర్బంధించినది. దూరముగా ఉండవలెనన్న ఆజ్ఞను అమలుపరచుటకు సాంకేతిక సాధనములను వాడవచ్చునని కూడ చెప్పినది. డులూత్ తరగతి, ఆల్బకర్కీ కడియము ఒక చట్టములో కలిసినవి.

2009లో ఆరంభమైన స్పెయిను పద్ధతిలో పురుషుడు రెండు వస్తువులను ధరిస్తాడు. కాలికి లేక మణికట్టుకు చిన్న ట్రాన్స్‌మిటరు. జేబులో ఉపగ్రహ సంకేతములను అందుకొని, టెలిఫోను జాలము ద్వారా కేంద్రమునకు స్థానము తెలిపే సాధనము. ఈ రెంటికి ఎడమైతే, పట్టీ తెగితే, బ్యాటరీ అయిపోతే కేంద్రములో హెచ్చరిక వస్తుంది. స్త్రీ దగ్గర కూడ ఒక సాధనము ఉంటుంది. ఇద్దరి మధ్య దూరము న్యాయస్థానము నిర్ణయించినదానికన్న, సాధారణముగా 500 మీటర్లకన్న, తగ్గితే కేంద్రమునుండి ఆమెకు, అతనికి, పోలీసులకు ఫోనులు పోతవి.

500 మీటర్లు అంటే ఎంత? ఇది తరగతిలో వేయదగిన లెక్క. సెకండుకు 5 మీటర్ల వేగముతో పరుగెత్తేవానికి అది 100 సెకండ్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోయే కారుకు కేవలము 30 సెకండ్లు. సాధనము నిమిషమునకొకసారి స్థానము తెలుపుతున్నదనుకొంటే, ఒక కబురుకు ఇంకొక కబురుకు నడుమ ఆ కారు ఒక కిలోమీటరు పోయి ఉంటుంది. సొరంగములలో, భూగర్భ రైలు స్టేషన్లలో ఉపగ్రహ సంకేతము అందదు. ఎత్తైన మేడల నడుమ తరంగములు గోడలకు తగిలి వచ్చి తప్పు స్థానము చూపుతవి. చిన్న ఊరిలో ఇద్దరూ ఉంటే, అతడు రొట్టెల దుకాణమునకు పోయినా గంట మోగుతుంది. రాత్రి రెండు గంటలకు మోగినది నిజమైన ఆపదో, బ్యాటరీ దోషమో ఆమెకు తెలియదు. గంట మోగిన తరువాత పోలీసు బండి రావలెను. అది వచ్చేదాక ఆమెకు ఉన్నది ముందుగా తెలిసిన ఆ కొద్ది నిమిషములే. తలుపు బిగించుకొనుటకు, జనములోనికి పోవుటకు ఆ నిమిషములు చాలినవారు ఉన్నారు. అమెరికాలో ఎడ్నా ఎరెజ్, ఆమె సహచరులు ఇట్టి పథకములను పరిశీలించి 2012లో వెలువరించిన నివేదికలో, చాలమంది స్త్రీలు చాల ఏండ్లకు ఊపిరి పీల్చుకొన్నామని చెప్పినట్లును, మాటిమాటికి వచ్చే హెచ్చరికలు కొందరిని కలవరపెట్టినట్లును ఉన్నది. రెండూ నిజమే కావచ్చును.

గంటకు ఇంకొక ఉపయోగము కలదు. అది మోగిన వేళలను వ్రాసిపెడుతుంది. అతడు రాలేదంటాడు, ఆమె వచ్చినాడంటుంది. సాక్షి లేని ఈ వాదములో ఉపగ్రహము సాక్షి అవుతుంది. అందుకే 2025 సెప్టెంబరులో స్పెయిను ప్రాసిక్యూటర్ల వార్షిక నివేదిక వెలువడినప్పుడు దేశములో అలజడి చెలరేగినది. కడియముల నిర్వహణ ఒక సంస్థనుండి ఇంకొక సంస్థకు మారిన సమయములో పాత స్థానముల సమాచారము కొన్ని నెలలపాటు అందలేదనియు, అందువలన ఆజ్ఞను మీరినారన్న కేసులు పెక్కు నిలిచిపోయినవనియు ఆ నివేదిక తెలిపినది. ఆ కాలములో హెచ్చరికలు ఆగలేదని, స్త్రీల రక్షణకు లోపము రాలేదని ప్రభుత్వము సమాధానము చెప్పినది. రేడియో తరంగములో దోషము లేదు, ఉపగ్రహములో లేదు. కాగితములు చేతులు మారిన చోట ఉన్నది.

డులూత్ చక్రములోని ఆ ఆకు సంగతి చెప్పవలసి ఉన్నది. 1984లో భార్య ఎక్కడికి పోవుచున్నదీ తెలుసుకొనవలెనంటే మగవాడు స్వయముగా వెంటపడవలెను, లేక ఎవరినైనను పెట్టుకొనవలెను. శ్రమ ఉన్నది, పట్టుబడే భయము ఉన్నది. 2000 తరువాత కారు కింద దాచిన చిన్న జి.పి.ఎస్. సాధనమునకు ఆ రెండూ లేవు. పిమ్మట చేతి ఫోను వచ్చినది. ఫోనులో రహస్యముగా ప్రవేశపెట్టి ఆమె స్థానమును, సందేశములను దూరమునుండి చదివే ప్రోగ్రాములు బహిరంగముగానే అమ్ముడుపోయినవి. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ తాళపుచెవులు, సంచులు పోగొట్టుకొనకుండ ఒక బిళ్ళను అమ్మకమునకు పెట్టినది. అది తానుగా ఉపగ్రహములతో మాట్లాడదు. చుట్టుపక్కల పోయే అపరిచితుల ఫోనులకు తన ఉనికిని రేడియో ద్వారా చెప్పుతుంది, ఆ ఫోనులు యజమానికి కబురు చేరవేస్తవి. ఆ బిళ్ళలను స్త్రీల సంచులలో, కారులలో దాచిన కేసులు కొద్ది నెలలలోనే పోలీసులకు వచ్చినవి. తెలియని బిళ్ళ తనతో ప్రయాణము చేస్తే ఫోను దానంతట అది హెచ్చరించే ఉమ్మడి పద్ధతిని ఆపిల్, గూగుల్ సంస్థలు 2024 మే నెలలో అమలు చేసినవి. టెలిఫోను నంబరు విషయములో శరణాలయపు స్త్రీలు అడిగిన ప్రశ్నను ముప్పది ఏండ్ల పిమ్మట ఇంజనీర్లు ఇంకొకమారు వినవలసి వచ్చినది.

కడియమును మొదట ఊహించిన ష్విట్జ్‌గెబెల్ సోదరులు తరువాతి కాలమున గేబుల్ అను పేరు పెట్టుకొన్నారు. తమ సాధనములోని బహుమాన భాగమును వదలి, పట్టుకొనే భాగమును మాత్రమే లోకము తీసుకొన్నదని వారు ఎన్నో సారులు వ్రాసినారు. వారి మాటలో బలమున్నది. కాని దారి తప్పిన కుర్రవానికి తగిన ఉపాయము, భార్యను చంపుతానన్నవానికి తగునా అన్నది వేరే ప్రశ్న. అక్కడ ముందు ఆమె బ్రతకవలెను. అతడు మారుట తరువాతి మాట. అయితే కడియము తీసిన మరునాడు అతడు ఎట్టివాడు అన్న ప్రశ్నకు కడియము దగ్గర జవాబు లేదు. నూటికి ఐదుగురిని మార్చిన తరగతి గది దగ్గరనే ఏదైనా ఉంటే ఉండవలెను.

మన దేశములో 2005 గృహహింస నిరోధక చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. హింసించినవాడు ఆమెను ముఖాముఖి గాని, వ్రాతద్వారా గాని, టెలిఫోను ద్వారా గాని, ఎలక్ట్రానిక్ సాధనముల ద్వారా గాని కలుసుకొనరాదని మేజిస్ట్రేటు ఆజ్ఞాపించవచ్చునని దాని 18వ సెక్షను చెప్పుతున్నది. 14వ సెక్షను ప్రకారము అతనిని సలహా శిక్షణకు పంపవచ్చును. ఒక స్త్రీ ఇంటర్నెట్టు వాడకమును రహస్యముగా కనిపెట్టుట వెంటాడుట అనే నేరమని 2013 సవరణ చేర్చినది. 2024 జులై 1 నుండి ఇదే నిబంధన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షనుగా ఉన్నది. హైదరాబాదులో 2014 అక్టోబరు 24న ఏర్పడిన ‘షీ టీములు’ సాధారణ దుస్తులలో తిరిగి, వేధించేవానిని వీడియో తీసి పట్టుకొన్నవి. 2015లో తెలంగాణమంతటికి విస్తరించినవి. పట్టుబడిన చిన్నవయస్సు వారిని తల్లిదండ్రుల ఎదుట కూర్చుండబెట్టి, ఆ వీడియో చూపి, మందలించి శిక్షణ ఇచ్చే పద్ధతి అక్కడ వచ్చినది. డులూత్‌లో నటుల వీడియో. ఇక్కడ తన వీడియోయే.

కాలి కడియము మాత్రము మన దేశమునకు వేరే దారిన వచ్చినది. 2023 నవంబరులో జమ్మూ కాశ్మీరు పోలీసులు బెయిలు పొందిన ఒక ఉగ్రవాద కేసు నిందితునికి దానిని తొడిగినారు. 2024 జులై 8న సుప్రీము కోర్టు, మాదకద్రవ్యముల కేసులో బెయిలు పొందినవాడు గూగుల్ పటములో తన స్థానమును దర్యాప్తు అధికారికి ఎల్లప్పుడు కనబడునట్లు ఉంచవలెనన్న షరతును కొట్టివేసినది. నిందితుని ప్రతి కదలికను పోలీసులు నిరంతరము కనిపెట్టుటకు వీలు కల్పించే బెయిలు షరతు, రాజ్యాంగము 21వ అధికరణము ఇచ్చిన హక్కునకు విరుద్ధమని తీర్పు. ఆ కేసులో దూరముగా ఉంచి రక్షించవలసిన రెండవ మనిషి ఎవరూ లేరు. ఉన్న కేసులో, అనగా 18వ సెక్షను క్రింద ఆజ్ఞ పొందిన స్త్రీ పక్షమున, ఇదే ప్రశ్న వస్తే న్యాయస్థానము రెండు హక్కులను తూచవలసి ఉంటుంది. గృహహింస చట్టములో కడియము మాట లేదు. ఆజ్ఞను మీరినవానికి 31వ సెక్షను ఒక సంవత్సరము వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధిస్తున్నది. అతడు మీరినాడని చెప్పుటకు ఆమె ఫోనులో మిగిలిన సందేశములు, టెలిఫోను కంపెనీ లెక్కలు, పొరుగువారి సాక్ష్యము పనికివస్తవి.